అందరూ ఒకేసారి స్విచ్ వేస్తే

(నార్ల తాతారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



తాతారావు గారి పేరు చెబితే చాలామందికి ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు గుర్తొస్తాయి. విజయవాడ థర్మల్ కేంద్రానికి ఆయన పేరే పెట్టారు కాబట్టి అది సహజమే. ఆయన రాష్ట్ర విద్యుత్ బోర్డు ఛైర్మన్‌గా ఉన్న రోజుల్లో సమస్య సూటిగా ఉండేది. కరెంటు చాలదు. తయారుచెయ్యాలి, తీగ లాగాలి, ఊరికి చేర్చాలి. ఇవాళ ఆ బాధ్యత మోస్తున్నవారి తలనొప్పి ఇంకో రకం. మిట్టమధ్యాహ్నం సోలారు కరెంటు పొంగుతుంటుంది, కొనేవాడు లేక ధర పడిపోతుంది. పొద్దు గూకగానే అదే రాష్ట్రం యూనిట్ కోసం ఎక్స్చేంజిలో వెతుక్కుంటుంది. పగటికీ సాయంత్రానికీ మధ్య ఉన్న ఈ తేడాలోకి ఇప్పుడు బ్యాటరీ బండ్లు వచ్చిపడుతున్నాయి.

విద్యుత్ శాఖ నుంచి రిటైరయ్యాక పెళ్లిళ్లలోనూ, రైల్లోనూ నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ‘‘ఏమండీ, ఇన్ని ఎలక్ట్రిక్ కార్లొస్తే మన గ్రిడ్డు తట్టుకుంటుందా?’’ తట్టుకుంటుందనో తట్టుకోదనో ఒక్క మాటలో తేల్చెయ్యాలని వాళ్ల ఆశ. లెక్క వేసి చూద్దాం.

మామూలు కారు రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతుందనుకోండి. దానికి సుమారు 6 యూనిట్లు కావాలి. తెలంగాణలో అలాంటి కార్లు 10 లక్షలు ఉన్నాయనుకుందాం. రోజుకు 60 లక్షల యూనిట్లు. వేసవిలో ఆ రాష్ట్రం రోజువారీ వాడకం 25 కోట్ల యూనిట్లు దాటడం మామూలే. అంటే పది లక్షల కార్లూ కలిసి తినేది రెండున్నర శాతం లోపే. దీనికి భయపడేదేముంది?

ఇప్పుడు అవే కార్లు, అవే యూనిట్లు. కానీ పది లక్షల మందీ ఆఫీసు నుంచి ఇంటికొచ్చి సాయంత్రం ఏడింటికి ప్లగ్ పెట్టారనుకోండి. ఇంట్లో 15 ఆంపియర్ల సాకెట్‌కు తగిలించే చార్జరు 3.3 కిలోవాట్లు లాగుతుంది. మొత్తం 3,300 మెగావాట్లు. 2024 మార్చిలో తెలంగాణ గరిష్ఠ డిమాండు 15 వేల మెగావాట్లు దాటినప్పుడు శాఖ అంతా ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసింది. అందులో ఐదోవంతును ఈ కార్లు ఒక్క నిమిషంలో తెచ్చి నెత్తిన పెడతాయి. యూనిట్లలో రెండున్నర శాతం, లోడులో ఇరవై శాతం. ఈ రెండు అంకెలకూ మధ్య ఉన్న దూరమే ఈ సాయంత్రం నా విషయం.

ఆ దూరాన్ని తగ్గించడం కష్టం కాదని కూడా అదే లెక్క చెబుతుంది. 6 యూనిట్లు ఎక్కడానికి 3.3 కిలోవాట్ల చార్జరుకు రెండు గంటలు కూడా పట్టదు. కారు మాత్రం రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఏడు దాకా, పదకొండు గంటలు, కదలకుండా నిలబడి ఉంటుంది. ఆ పదకొండింటిలో ఏ రెండు గంటలైనా దానికి ఒకటే. ఫ్యానుకు ఈ వెసులుబాటు లేదు. ఉక్కపోసినప్పుడు తిరగాల్సిందే. అన్నం కుక్కరుకు లేదు, టీవీకి లేదు. మన రాష్ట్రాల్లో ఇంత వెసులుబాటున్న లోడు ఇంతకుముందు ఒక్కటే ఉండేది. వ్యవసాయ మోటారు.

అందుకే ఈ విషయంలో విదేశీ పుస్తకాలు తిరగేసే ముందు మన సబ్‌స్టేషన్ లాగ్ పుస్తకాలు తిరగెయ్యమంటాను. ఇరవై లక్షలకు పైగా మోటార్లను గ్రూపులుగా విడగొట్టి, ఫీడరుకో టైము పెట్టి, పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు త్రీఫేజు ఇచ్చి దశాబ్దాల పాటు నడిపిన అనుభవం మనది. దేశమంతా ఈమధ్యనే ‘లోడ్ షిఫ్టింగ్’ అని సెమినార్లు పెడుతోంది. మన లైన్‌మన్లు ఆ మాట వినకుండానే ఆ పని చేసి పింఛను తీసుకుంటున్నారు.

దాని మంచీ చెడూ రెండూ చెప్పుకోవాలి. ముందు సాంకేతికంగా ఏం జరిగిందో చూద్దాం.

మోటారు స్టార్టర్లో ‘నో వోల్ట్ కాయిల్’ అని ఒకటుంటుంది. కరెంటు పోగానే అది వదిలేస్తుంది, మోటారు ఆగిపోతుంది. మళ్లీ కరెంటు వస్తే తనంతట తాను తిరగదు, ఎవరో వెళ్లి పచ్చ బటన్ నొక్కాలి. ఇది భద్రత కోసం పెట్టిన ఏర్పాటు. కానీ కరెంటు రాత్రి పదికి వస్తే? బోరు ఊరికి మైలు దూరంలో, గట్ల మీద పాములు తిరిగే చోట ఉంటే? రైతు ఆలోచించి ఆటో స్టార్టరు బిగించుకున్నాడు. త్రీఫేజు రాగానే మోటారు దానంతట అదే ఎత్తుకుంటుంది. ఒక రైతు కోణంలో ఇంతకన్నా తెలివైన పని లేదు. ఫీడరు మీద ఉన్న మూడొందల మంది రైతులూ అదే తెలివి చూపించారు.

రాయలసీమలో నేను ఏఈగా ఉన్న సెక్షన్లో ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్ ఉండేది. రాత్రి గ్రూపు టైము కాగానే ఆపరేటరు గోడ గడియారం చూసి బ్రేకరు ఆన్ చేసేవాడు. అమ్మీటరు ముల్లు చివరిదాకా ఎగిరి కొట్టుకునేది. ఐదు హార్స్‌పవర్ మోటారు మామూలుగా ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది, ఎత్తుకునేటప్పుడు మాత్రం దానికి ఐదారు రెట్లు లాగుతుంది. మూడొందల మోటార్లు ఒకే క్షణాన ఎత్తుకుంటే ఓవర్ కరెంట్ రిలే ఊరుకోదు కదా. బ్రేకరు ట్రిప్పు. మళ్లీ వేస్తాడు, మళ్లీ ట్రిప్పు. లాగ్ పుస్తకంలో రాసుకుని, లైన్‌మన్‌కు కబురు చేసేవాడు. లైన్‌మన్ సైకిలు మీద వెళ్లి, ఫీడరు మధ్యలో ఏబీ స్విచ్ తీసి, సగం ఫీడరుకు ముందు కరెంటు వచ్చాక, కాసేపు ఆగి మిగతా సగానికి స్విచ్ వేసేవాడు. ఫీడరు నిలబడేది. నా సర్వీసులో నేను చూసిన మొదటి ‘స్మార్ట్ చార్జింగ్’ అదేనని ఇప్పుడు నవ్వుతూ చెబుతుంటాను. లోడు ఎంతో అంతే, ట్రాన్స్‌ఫార్మర్లు అవే. మారింది కాసేపటి ఎడం ఒక్కటే.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ప్రభుత్వమే ఊరూరా చెప్పించాల్సి వచ్చింది. అప్పుడు బెడద భూగర్భ జలంతో. రోజంతా కరెంటుంటే మోటారు రోజంతా తిరుగుతూనే ఉంటుంది. యంత్రానికి ‘కరెంటు ఉంది’ అన్న ఒక్క సంకేతమే తెలుసు. నీళ్లు చాలాయా, పక్కవాడు కూడా ఇప్పుడే మొదలుపెట్టాడా, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కిందా అనేవి దానికి పట్టవు.

ఇప్పుడు కార్ల దగ్గరకు రండి. రాత్రి పన్నెండు దాటాక యూనిట్ చౌక అని ప్రకటించారనుకోండి. ఫోన్లో టైమరు పెట్టుకునే తెలివి కారున్న ప్రతివాడికీ ఉంది. సబ్‌స్టేషన్ల గోడ గడియారాలు నిమిషమో రెండు నిమిషాలో తేడాగా ఉండేవి. ఫోన్లన్నీ ఇంటర్‌నెట్ నుంచి టైము తీసుకుంటాయి. పన్నెండు గంటల సున్నా సెకన్లకు ఊరంతా ఒకేసారి ఎత్తుకుంటుంది. మా సబ్‌స్టేషన్లో ట్రిప్పయిన బ్రేకరే ఇంకా మెరుగైన క్రమశిక్షణతో మళ్లీ ట్రిప్పవుతుంది!

ఇది ఊహ కాదని బ్రిటన్ చట్టం చూస్తే తెలుస్తుంది. అక్కడ 2022 జూన్ 30 నుంచి అమ్మే ప్రైవేటు చార్జర్లకు నిబంధనలు పెట్టారు. పెట్టెలోంచి తీసి బిగించేటప్పటికే వారపు రోజుల్లో పొద్దున్న 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి రాత్రి 10 మధ్య చార్జింగ్ మొదలుకాకుండా అమర్చి ఉండాలి. యజమాని కావాలంటే మార్చుకోవచ్చు. దానితో పాటు ఇంకో చిన్న నిబంధన ఉంది, నాకు అదే ముచ్చటగా తోచింది. ప్రతి చార్జరూ మొదలయ్యే ముందు పది నిమిషాల లోపు తనకు తోచినంతసేపు ఆగాలి. ఒకటి రెండు నిమిషాలు, ఇంకొకటి ఏడు, మరొకటి తొమ్మిదిన్నర. ఎవరికెంత అన్నది చీటీ తీసినట్టే. చట్టసభ సైకిలు మీది మా లైన్‌మన్‌ను నిబంధనగా రాసింది.

మన దేశంలోనూ ధరల దారి తెరుచుకుంది. 2023 జూన్‌లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, సోలారు వేళల్లో ధర 10 నుంచి 20 శాతం తక్కువ ఉండాలనీ, పీక్ వేళల్లో ఎక్కువ ఉండాలనీ చెప్పింది. చార్జింగ్ స్టేషన్లకైతే 2024 సెప్టెంబరు మార్గదర్శకాలు ఇంకా గట్టిగా ఉన్నాయి. పొద్దున్న 9 నుంచి సాయంత్రం 4 దాకా సగటు సరఫరా వ్యయంలో 70 శాతం, మిగతా వేళల్లో 130 శాతం. నాకు ఇది నచ్చింది. కానీ దీన్ని ఇక్కడితో వదిలేస్తే తొమ్మిదింటి దగ్గర ఒక గోడ లేస్తుంది. ధర చెప్పడం వేరు, వరుస పెట్టడం వేరు. మొదటిది విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వుతో అవుతుంది. రెండోది చార్జరులోపలి బుర్రతో అవ్వాలి. ఆ బుర్ర కొనేటప్పుడే ఉండాలి, తర్వాత ఎవరూ పెట్టించుకోరు.

మిట్టమధ్యాహ్నం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మా తరం ఇంజనీర్ల అలవాట్లు ఇక్కడే తలకిందులయ్యాయి. శ్రీశైలం ఎడమగట్టులో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. అవి టర్బైన్లూ, పంపులూ కూడా. సాగర్‌లోనూ అలాంటివి ఏడు. రాత్రి థర్మల్ కేంద్రాలు తగ్గించలేక మిగిలే కరెంటుతో కింది నీళ్లను పైకి తోడి, పొద్దున్న పీక్‌కు మళ్లీ వదలాలన్నది ఆలోచన. అంటే మా కాలంలో రాత్రి చౌక, పగలు ప్రియం. కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు వచ్చాక, దాని తర్వాత ఇంకెన్నో వచ్చాక, చౌక మధ్యాహ్నానికి మారింది. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర నిర్మించిన పంప్డ్ స్టోరేజీ ఎండ ఉన్నప్పుడు నీళ్లు పైకి తోడేందుకే. కాబట్టి ‘రాత్రి చార్జింగ్ పెట్టుకోండి, అదే గ్రిడ్డుకు మేలు’ అనే సలహా సగం పాతబడింది. కారు మధ్యాహ్నం ఎక్కడుంటుంది? ఆఫీసు కింద, కాలేజీ ఆవరణలో, కలెక్టరేట్ చెట్ల కింద. మన చార్జర్లు కావాల్సింది అక్కడ. మన చార్జర్లు ఎక్కువగా ఉన్నవి హైవే మీద, షాపింగ్ మాల్ దగ్గర. ప్రభుత్వ కార్యాలయాల పార్కింగ్‌లో వరసగా 3.3 కిలోవాట్ల సాకెట్లు పెడితే, హైవే మీద పెద్ద ఫాస్ట్ చార్జరు కన్నా గ్రిడ్డుకు ఎక్కువ మేలు. ఫొటో తీసుకోడానికి మాత్రం ఫాస్ట్ చార్జరే బాగుంటుంది.

ఇంకో సంకేతం ఉంది. దానికి సిమ్ కార్డు అక్కర్లేదు, ఇంటర్‌నెట్ అక్కర్లేదు. సాకెట్లోనే ఉంది. ఫ్రీక్వెన్సీ. 50 హెర్ట్జ్ అన్నది దేశమంతటికీ ఒకటే నాడి. ఉత్పత్తి తగ్గితే అదీ తగ్గుతుంది, మిగిలితే పెరుగుతుంది. దక్షిణాది గ్రిడ్డులో ఒకప్పుడు అది 48 దగ్గర ఊగిసలాడిన రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. 2003 జనవరిలో దక్షిణాదిలో అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్ వచ్చి, ఫ్రీక్వెన్సీని బట్టి రాష్ట్రాలు డబ్బు కట్టాల్సి వచ్చేసరికి అందరూ దారికొచ్చారు. ఇప్పుడు 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్నది నియమం. చార్జరులో ఉండే ఎలక్ట్రానిక్స్‌కు ఫ్రీక్వెన్సీ కొలవడం పెద్ద పని కాదు. 49.90 కంటే దిగితే కరెంటు కాస్త తగ్గించుకో, 50 దాటితే పెంచుకో అని రాసిపెడితే చాలు. ఒక పెద్ద జనరేటరు ట్రిప్పయినప్పుడు లక్ష చార్జర్లు ఎవరి ఫోనూ మోగకుండా ఒక్క సెకనులో సగానికి తగ్గగలవు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది చీకటైనప్పుడు అలాంటి లోడు ఉండి ఉంటే అంతా ఆగేదని చెప్పను. ఆ చీకటికి కారణాలు చాలా. కానీ తగ్గమంటే తక్షణం తగ్గే లోడు ఎంత విలువైనదో ఆ రెండు రోజులూ కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లను అడగండి.

రాష్ట్ర గ్రిడ్డు గురించి ఎంత మాట్లాడినా, అసలు ఇబ్బంది అక్కడ మొదలుకాదు. వీధి చివర, రెండు స్తంభాల మధ్య దిమ్మె మీద కూర్చున్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలవుతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు సుమారు 133 ఆంపియర్లు ఇవ్వగలదు. దాని మీద యాభై, అరవై ఇళ్లుంటాయి. అందరి గీజర్లూ, ఏసీలూ ఒకేసారి నడవవన్న నమ్మకం మీద అది బతుకుతోంది. గీజరు పావుగంటలో ఆగుతుంది, ఏసీ కంప్రెసరు ఆగుతూ నడుస్తూ ఉంటుంది. కారు ఆగదు. 7.4 కిలోవాట్ల గోడ చార్జరు ఒక్కటే 32 ఆంపియర్లు, కిలోవాట్లలో రెండు ఐదు హార్స్‌పవర్ మోటార్ల పెట్టు, గంటల తరబడి లాగుతుంది. ఒకే ఫేజు మీద నాలుగు వచ్చిపడితే, ఇళ్ల లోడుతో కలిపి ఆ ఫేజు సరిహద్దు దాటినట్టే. అలాంటివి రెండు ఫేజుల మీద తక్కువుండి ఒక ఫేజు మీద పోగైతే లో వోల్టేజీ ఫిర్యాదుతో మొదలై, ఫ్యూజు పోవడం, ఆ తర్వాత ఆయిలు కారడం దాకా వెళుతుంది. ఇది రాష్ట్ర పీక్ రోజున జరగనక్కర్లేదు. ఏ సంక్రాంతి రోజునో, అల్లుళ్లందరూ కార్లలో వచ్చి ఒకే వీధిలో ప్లగ్ పెట్టినప్పుడు జరుగుతుంది.

బస్సు డిపోలది వేరే కథ, సులభమైన కథ. తిరుమల కొండకు 2022 సెప్టెంబరులో ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి, అలిపిరి డిపోలో చార్జింగ్ పెడతారు. కొండ దిగేటప్పుడు బ్రేకు శక్తిలో కొంత బ్యాటరీకే తిరిగొస్తుంది. ఏ బస్సు ఎన్నింటికి వస్తుందో, ఎన్నింటికి బయలుదేరాలో డిపో మేనేజరు గది గోడ మీద చార్టుగా రాసి ఉంటుంది. సమన్వయానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇళ్ల దగ్గర లేనిది ఆ చార్టే.

ఇక వ్యవసాయ కరెంటు అనుభవంలోని చెడు వైపు. శాఖలో బతికినవాణ్ని గనుక ఇది నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు. మన గ్రిడ్డును అన్నేళ్లు సమతూకంలో నిలిపినది రైతు నిద్ర. రాత్రి త్రీఫేజు అని మనం రాసుకున్న షెడ్యూలు వెనక టార్చిలైటు పట్టుకుని మడికట్టు మీద నడిచిన మనిషి ఉన్నాడు. తడి చేతులతో స్టార్టరు పెట్టె తెరిచి ఇంటికి తిరిగి రానివాళ్లున్నారు, పాము కరిచినవాళ్లున్నారు. ఎప్పుడు కావాలని అతణ్ని ఎవరూ అడగలేదు. 2004 మే 14న ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పడ్డాక బిల్లు పోయింది, రాత్రి పోలేదు. పగటిపూట సరఫరా అన్నది ఎంత పెద్ద ఎన్నికల హామీ అయిందో, అందుకు ఎన్నేళ్లు పట్టిందో మీకు తెలుసు.

కారున్నవాడి విషయంలో ఆ పద్ధతి చెల్లదు. అతను ఫోన్ చేసి అరుస్తాడు, కోర్టుకు వెళతాడు. చెల్లకపోవడం మంచిదే. అతణ్ని రెండే ప్రశ్నలు అడగాలి: పొద్దున్న ఎన్నింటికి బయలుదేరతావు, అప్పటికి ఎంత చార్జి కావాలి? ఆ రెండూ చెప్పాక ఎప్పుడు ఎక్కించాలన్నది డిస్కం ఇష్టం. ఆ ఇష్టానికి యూనిట్ మీద తగ్గింపు ఇవ్వాలి. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సివస్తే ఒక బటన్ నొక్కగానే, మామూలు ధరకు, వెంటనే పూర్తి వేగంతో ఎక్కాలి. ఈ బటన్ లేని పథకాన్ని నేను ఒప్పుకోను. సాంకేతికంగా ఇందులో కొత్తదేమీ లేదు. చార్జరుకూ కంట్రోల్ సెంటరుకూ మధ్య మాటలు నడిపే ఓసీపీపీ అనే బహిరంగ ప్రమాణంలో ‘ఈ గంటలో ఇన్ని ఆంపియర్లు మించకు’ అని పంపే సౌకర్యం ఎప్పుడో ఉంది.

బండి నుంచి గ్రిడ్డుకు కరెంటు వెనక్కి ఇచ్చే ముచ్చట కూడా విద్యార్థులు అడుగుతారు. అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ విలెట్ కెంప్టన్, స్టీవెన్ లెటెండ్రేతో కలిసి 1997లోనే ఆ ఆలోచనను పత్రంగా రాశారు. మన దగ్గర ఎక్కువగా తిరిగేవి మూడు నాలుగు యూనిట్ల బ్యాటరీ ఉన్న స్కూటర్లు. వాటిలోంచి వెనక్కి తీసుకునేదేమిటి? ముందు ఎక్కించడం వరుసలో పెట్టుకుంటే, దించుకోవడం గురించి మీ తరం మాట్లాడుకోవచ్చు.

నన్ను ఈమధ్య ఒక అపార్టుమెంటు సంఘం వాళ్లు పంచాయితీకి పిలిచారు. ఇరవై మంది కార్లు కొన్నారు, ఇరవై మందికీ గోడ చార్జర్లు కావాలి. 7.4 చొప్పున 148 కిలోవాట్లు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలన్నారు, దాని ఖర్చు కార్లు లేనివాళ్లు ఎందుకు పెట్టుకోవాలని గొడవ. చివరికి దొరికిన దారి అరచెయ్యంత పెట్టె. సెల్లారులో మెయిన్ కేబుల్ చుట్టూ కరెంటు కొలిచే మూడు సీటీలు బిగించి, లిఫ్టులు, మోటార్లు, ఇళ్లు వాడగా మిగిలిందెంతో చూసి, ఆ మిగులునే చార్జర్లకు పంచుతుంది. సాయంత్రం ఒక్కో కారుకు ఆరు ఆంపియర్లే దక్కవచ్చు, రాత్రి రెండింటికి ఇంకా ఎక్కువ దక్కుతుంది. పొద్దున్నకు అన్నీ నిండి ఉంటాయి. ఆ అపార్టుమెంటుకు 40 కిలోవాట్ల పరిమితి సరిపోయింది. కానీ దరఖాస్తు పెడితే ఇరవై చార్జర్ల కిలోవాట్లూ కూడి 148కే లోడు కట్టాలన్నారు, డెవలప్‌మెంట్ చార్జీలూ దానికే. పెట్టె లేనివాడికీ, ఉన్నవాడికీ ఒకే బిల్లైతే పెట్టె ఎవరు పెడతారు? పరీక్షించి సీలు వేసిన లోడ్ మేనేజ్‌మెంట్ పెట్టె ఉన్న చోట, చార్జర్ల మొత్తాన్ని కాక ఆ పెట్టె పరిమితినే కాంట్రాక్టు లోడుగా తీసుకోవాలని రెండు రాష్ట్రాల నియంత్రణ మండళ్లకూ ఈ వేదిక మీది నుంచి వినతి పంపాలని కోరుతున్నాను. ముసాయిదా రాసి తెచ్చాను, సభ ముగిశాక సంతకాలకు బల్ల మీద ఉంటుంది.